బందరు కోట చూసొచ్చాక ఒక మాట

కడియం నర్సరీల్లో పనిచేసే మా ఏజెన్సీ కుర్రాళ్లం కొందరం ఒక సెలవు రోజున బందరు కోట చూడ్డానికి వెళ్లాం. తెల్లారకముందే బండి కట్టించుకుని రావులపాలెం, భీమవరం మీదుగా చేరాం. అక్కడ మిగిలింది పెచ్చులూడిన గోడలు, పిచ్చిమొక్కలు. వచ్చినవాళ్లంతా ఫోటోలు దిగుతున్నారు.

మాతో వచ్చిన మాస్టారు ఒకరు చరిత్ర చెప్పారు. డచ్చివాళ్లు వచ్చారు, తర్వాత ఫ్రెంచివాళ్ల చేతికొచ్చింది, 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు కంపెనీ సేనతో రాత్రివేళ మీదపడి కోట గెలిచాడు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. అంతటితో పాఠం అయిపోయింది.

"ఇందులో మన సంగతేముంది మాస్టారూ?" అని మా తమ్ముడొకడు అడిగాడు. "మనది కొండ కదరా, ఇది సముద్రం" అన్నారాయన నవ్వుతూ.

నా గొడవ ఆ మాటతోనే.

ఆ కోట పోవడంతో ఉత్తర సర్కార్లలో ఫ్రెంచివాళ్ల పెత్తనం పోయింది. 1765లో మొగలు పాదుషా ఫర్మానా ఇచ్చాడు. 1766లో నిజాం ఒడంబడిక చేసుకున్నాడు. సర్కార్లు కంపెనీ పాలయ్యాయి. రాజమండ్రి సర్కారుతో పాటు దాని వెనకున్న కొండలమీద కూడా కంపెనీ హక్కు చెప్పుకుంది. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు మన పెద్దల్ని ఒక్క మాట అడిగారా? సముద్రం ఒడ్డున గెలిచిన కోటకు మనం కొండమీద కప్పం కట్టాం. మరి అది మన సంగతి కాకుండా ఎలా పోతుంది?

కంపెనీ పోయి రాణి ప్రభుత్వం వచ్చాక ఆ కోట ఏరు ఎదురెక్కి మన దాకా వచ్చింది. ఈసారి దాని పేరు పోలీసు ఠాణా. మన చెట్టు, మన కల్లు, దానికి చిగురుపన్ను! మైదానం వ్యాపారి కోర్టు కాగితం చూపించి పశువుల్ని తోలుకుపోయేవాడు. 1879 మార్చిలో రంపలో మనవాళ్లు చోడవరం పోలీసుల మీద తిరగబడ్డారు. పోలీసులు చాలక మద్రాసు పటాలాల్ని దించారు. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. పోడు కొట్టుకునేవాడు దొంగయ్యాడు.

ఇప్పుడు మాటల తేడా చూడండి. ఫోర్డ్ చేసింది యుద్ధం, విజయం. మనవాళ్లు చేసింది పితూరీ. ఇవాళ బడిలో పితూరీ అంటే చాడీ. ప్రాణాలిచ్చిన తిరుగుబాటుకు చాడీ పేరు మిగిలింది. ఆ పేరు దొరలు పెట్టారు సరే, ఇన్నేళ్లుగా మనం ఎందుకు మోస్తున్నాం?

కొందరంటారు, మనకు కోటలతో పనేంటి, వెళ్లకుండా ఉంటే సరిపోతుందని. నేను ఒప్పుకోను. వెళ్లాలి. వెళ్లి, ఆ కూలిన గోడను చూసి దొరతనం కూడా కూలిందనుకుని తిరిగి రాకూడదు. ఇటుక గోడ కూలింది గానీ రిజర్వు ఫారెస్టు సరిహద్దు రాయి మన పొలాల మధ్య ఇంకా నిలబడే ఉంది. అడవిబిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని చట్టంలో రాయడానికి ఈ దేశానికి 2006 దాకా పట్టింది. పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మన అమ్మలకు ఆ అన్యాయం నిన్నటి కథ కాదు.

నర్సరీలో మొక్క తీసేటప్పుడు వేళ్లకున్న మట్టి రాలకుండా చూస్తాం. మట్టి రాలితే మొక్క బతకదు. పిల్లలకిచ్చే చరిత్రకు మాత్రం మట్టంతా దులిపేసి ఇస్తున్నాం.

మాస్టార్లూ, పిల్లల్ని బందరు తీసుకెళ్లండి. మరో రోజు చోడవరం కూడా తీసుకెళ్లండి. 1922 ఆగస్టులో సీతారామరాజుతో కలిసి మనవాళ్లు ఠాణాల మీద పడ్డ చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి తిప్పి చూపించండి. గాం గంటందొర, మల్లుదొర ఎవరో రాజు పేరుతో పాటే చెప్పండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊరి ముసలివాళ్లు పోకముందే కూర్చుని అడగండి, రాసుకోండి.

ఆ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు ఒక్కటే. ఆ కోటలో మన సంగతుంది. చెప్పాల్సినవాళ్లం చెప్పలేదు.