స్థలం ఒకరిది, అవస్థ పక్కింటివారిది

వానలు మొదలైతే చాలు, ఏలూరు, తాడేపల్లిగూడెం శివారు కాలనీల్లో ఇళ్ల మధ్య ఖాళీ స్థలాలు తుప్పలతో నిండిపోతాయి. వయ్యారిభామ, సర్కారు తుమ్మ మనిషెత్తు పెరుగుతాయి. స్థలం కొన్నవారు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి ధర పెరిగే రోజు కోసం చూస్తుంటారు. పాములు, దోమలు, ఒంటి దురదలు మాత్రం పక్కింటివారి పాలు.

దీనికి చట్టం లేదనుకుంటే పొరపాటు. తాడేపల్లిగూడెం 1965 నాటి మున్సిపాలిటీల చట్టం కిందికి వస్తుంది. ఏలూరు 2005 నుంచి నగరపాలక సంస్థ. స్థలం శుభ్రం చేయమని యజమానికి నోటీసు ఇవ్వడం, వినకపోతే తామే చేయించి ఖర్చు రాబట్టడం పురపాలక అధికారాల్లో ఉన్నవే. 1939 నాటి ప్రజారోగ్య చట్టంలో దోమల నివారణకు ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. డబ్బులు లేవంటూ మున్సిపాలిటీ ఇలాంటి బాధ్యత తప్పించుకోజాలదని 1980లోనే రత్లాం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి లోపం ఎక్కడ? డెంగీ కేసులు వచ్చాక కదలడంలో ఉంది. యజమాని చిరునామా దొరకలేదన్న సాకులో ఉంది. ఖాళీ స్థల పన్ను వేయడానికి దొరికే చిరునామా నోటీసుకు ఎందుకు దొరకదు? శుభ్రం చేయించిన ఖర్చును అదే పన్ను డిమాండులో కలపాలి. బకాయి తీరేదాకా ఆ స్థలానికి పేరు మార్పిడి ఆపాలి.

ఎలా తొలగిస్తున్నామన్నదీ ముఖ్యమే. నిప్పు పెట్టడం, ఇళ్ల మధ్య కలుపు మందు కొట్టడం పరిష్కారం కావు. 2020 డిసెంబరులో ఏలూరులో 500 మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. రోగుల రక్తంలో ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందుల మీదా అనుమానాలు వచ్చాయి. అంతటి అనుభవం ఉన్న ఊళ్లో మళ్లీ విషం చల్లడం తగదు. పైగా ఏలూరు మురుగు చివరికి చేరేది 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన కొల్లేరుకే. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని, వేళ్లతో సహా పీకించాలి. నీడనిచ్చే చెట్ల జోలికి పోకూడదు.

ఎవరి స్థలం వారే శుభ్రంగా ఉంచుకోవాలన్న నియమం ప్రభుత్వానికీ వర్తించాలి. కాల్వల్లో, ఉప్పుటేరులో పేరుకునే గుర్రపుడెక్క ఎవరి స్థలంలో పెరుగుతోంది? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటి లంకలను ముంచెత్తింది. కొల్లేరు నీరు సముద్రానికి పోవాల్సింది ఉప్పుటేరు గుండానే. ఆ దారిని శుభ్రంగా ఉంచని ప్రభుత్వానికి పౌరుడికి నోటీసు ఇచ్చే నైతిక బలం ఎక్కడిది?

మే నెలలోనే వార్డు సచివాలయాలు ఖాళీ స్థలాల జాబితా కట్టాలి. నోటీసుకు పదిహేను రోజుల గడువు పెట్టాలి. గడువు దాటితే తామే తీయించి బిల్లు పంపాలి. దూరాన ఉన్న యజమానులకూ ఒక మాట: ఏటా తొలకరికి ముందు మీ స్థలం బాగుచేయించండి. అది పక్కింటి పిల్లల ఆరోగ్యం పట్ల మీ బాధ్యత.