పండుగలా? వాయిదాలా?

శరన్నవరాత్రములు మొదలు సంక్రాంతి వఱకు గల నాలుగు మాసములును తెలుగుదేశమునకు పర్వకాలము. పూర్వమీ దినములలో దేవాలయమున భేరి మ్రోగెడిది. నేడు గృహస్థుని చేతిలోని ఫోను మ్రోగుచున్నది. నేడు కొనుడు, రేపు చెల్లింపుడని అది పగలనక రాత్రియనక బోధించుచున్నది. ఈ బోధ మన పట్టణములలోని మధ్యతరగతి కుటుంబముల నెచటికి గొనిపోవుచున్నదో విచారింపవలసిన సమయము వచ్చినది.

మేము పండుగలకు విరోధులము కాము. సంక్రాంతి యననేమి? కళ్ళమున నూర్చిన ధాన్యము ఇల్లు చేరిన పిదప రైతు జరుపుకొను ఉత్సవము. గాదె నిండిన తరువాతనే అరిసెలు వండిరి. పాలేరునకును, వృత్తిపనివారికిని, హరిదాసునకును, గంగిరెద్దులవానికిని కొలిచి యిచ్చిరి. సంపాదన ముందు, వేడుక వెనుక. ఆ కాలమునను అప్పు చేసి పండుగ చేసినవారు లేకపోలేదు. కాని లోకము వారిని మెచ్చలేదు. అప్పుచేసి పప్పుకూడని యెగతాళి చేసినది. నేడో, అప్పు ముందు, వేడుక నడుమ, సంపాదన కడపట! పైగా నిది నాగరకత యట!

ఈ యప్పు తన పేరు చెప్పుకొని రాదు. ‘నో కాస్ట్ ఇ.ఎం.ఐ.’ యను ముసుగు వేసికొని వచ్చుచున్నది. ఊరక ధనమిచ్చు బ్యాంకు లోకమున గలదా? క్రెడిట్ కార్డు బాకీలపై సున్న వడ్డీ యను పథకములలో వడ్డీని తఱచుగా ప్రాసెసింగు రుసుము రూపమున దాచి కొనువాని నెత్తిన మోపుచున్నారని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకువారే హెచ్చరించి, వానిని నిరోధించిరి. నేటి పద్ధతి యెట్టిదనగా, బ్యాంకు వడ్డీ వేయును. ఆ వడ్డీ మేరకు వెలలో తగ్గింపు చూపబడును. ఆ వడ్డీపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. కొనువాడే చెల్లింపవలెను. పెక్కుచోట్ల ప్రాసెసింగు రుసుమును వానిదే. రొక్కమిచ్చినచో దొరకదగిన తగ్గింపును పలుమారు వాడు గోల్పోవును. ఖర్చు లేనిదను మాట యెంత సత్యమో పాఠకులే నిర్ణయింతురు గాక!

ఇక కార్డు బాకీని గడువునకు పూర్తిగా తీర్పని వాని గతి యేమి? నెలకు నూటికి మూడున్నర రూపాయల వడ్డీ నేడు సామాన్యమైనది. 20,000 రూపాయలు నిలిచిపోయిన నెలకు వడ్డీ 700, దానిపై పన్ను 126. అట్లే యేడాది గడచినచో, వడ్డీపై వడ్డీని లెక్కింపకయే, 9,912 రూపాయలు పోవును, అసలు చెక్కుచెదరదు. నూటికి రెండు రూపాయలు పిండిన పల్లెటూరి షావుకారును రక్తపిపాసి యని దూషించితిమి. మూడున్నర పిండువాని యెదుట చేతులు కట్టుకొని ‘రివార్డు పాయింట్లు’ లెక్కించుకొనుచున్నాము!

ఇది కేవలము ఇంటిగుట్టు కాదు. 2020 చివర తెలంగాణమున, నిమిషములలో అప్పిచ్చు ఫోను యాపులవారి వేధింపులకు తాళలేక కొందఱు ప్రాణములు తీసికొన్నారు. తాకట్టు లేని వినియోగపు అప్పులు మితిమీరుచున్నవని 2023 నవంబరులో రిజర్వు బ్యాంకువారు, అట్టి యప్పులకై బ్యాంకులు ఎక్కువ మూలధనము చూపవలెనని కట్టడి చేసిరి. ఇచ్చువానికే హెచ్చరిక యవసరమైనప్పుడు, పుచ్చుకొనువాడు నిద్రించుట తగునా?

కొనుగోళ్ళు లేనిచో దేశవ్యాపార మెట్లు సాగునని కొందఱు ప్రశ్నింతురు. కొనవలదని మేమనుట లేదు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలు సభలో స్వదేశీ తీర్మానము చేసిన పెద్దలు కొనుట మానుడని చెప్పలేదు. ఏది కొనవలెనో, ఎవరికొఱకు కొనవలెనో విచారింపుడనిరి. ఆ దినమునే 2015 నుండి జాతీయ చేనేత దినముగా జరుపుచున్నాము. మంగళగిరి, గద్వాల, పోచంపల్లి మగ్గములపై నేసిన చీరకును, బొమ్మలకొలువునకై తెచ్చు కొండపల్లి బొమ్మకును చేతిలోని రొక్కమిచ్చినచో, ఆ ధనము పనివాని యింట దీపము వెలిగించును. వడ్డీగా పోయిన రూపాయి యే పనివాని చేతికి చేరును?

కావున పండుగకు నెల ముందే ఇంటిల్లిపాదియు కూర్చుండి పద్దు వ్రాసికొనుడు. బట్టలకింత, పిండివంటలకింత, స్వగ్రామ ప్రయాణమునకింత, దానధర్మములకింత. బోనసు చేతికందిన పిదపనే దానిని జమ కట్టుడు. పద్దులో లేని వస్తువు చౌకగా దొరకినను లాభము కాదు. 10,000 రూపాయల వస్తువుపై 4,000 తగ్గించిరనగా మీకు 4,000 మిగిలినట్లు కాదు, 6,000 వ్యయమైనట్లు. బిడ్డ కోరినది ఈ యేడు కొనలేమని చెప్పుట తండ్రికి అవమానము కాదు. పొరుగింటి టెలివిజను వెడల్పు మన గౌరవమునకు కొలబద్దయు కాదు.

పఠనమందిరములలో ఈ పుటను చదువు సోదరులు ఈ యేడొక నియమము పట్టుదురు గాక: పోయిన పండుగ బాకీ తీరనిదే రాబోవు పండుగకు క్రొత్త బాకీ చేయము. ఈ నియమము నిలిచిన యింట కనుమ మఱునాడు యజమాని ఫోను మ్రోగినను గుండె ఝల్లుమనదు.