వి.వి.గిరి: ఇంటిపెద్ద, కార్మికుల పెద్ద

ఆగస్టు 10 వి.వి.గిరి గారి జయంతి. ఆ రోజు పటానికి దండ వేసి, రాష్ట్రపతి పదవి దాకా వెళ్ళిన కార్మిక నాయకుడని రెండు ముక్కలు చెప్పి, ఎవరి షిఫ్టుకు వాళ్ళం వెళ్ళిపోవడం మనకు అలవాటు. ఆయన నడిపిన సమ్మెల గురించి మన పెద్దలు ఎన్నోసార్లు చెప్పారు. ఈసారి ఆయన ఇంటి గురించి రాయాలనుకున్నాం. ఆయన పద్నాలుగు మంది బిడ్డల తండ్రి. ఎనభై అయిదేళ్ళు బతికిన ఆ మనిషి జీవితంలో యూనియన్‌ను ఒక పక్క, సంసారాన్ని ఒక పక్క విడదీసి చూడడం ఎవరి తరమూ కాదు.

బళేపేటలో ఉండి ఈ మాట రాయడానికి కారణం ఉంది. బళే అంటే కన్నడంలో గాజు. గాజులు, పట్టుచీరలు, సన్నాయి, డోలు - పెళ్ళింటికి కావలసినవన్నీ ఈ సందుల్లో దొరుకుతాయి. బోనసు అందిన వారం మిల్లు కార్మికుల ఇంటివాళ్ళు ఇక్కడికి వచ్చి ఏం కొన్నారో చూస్తే ఆ ఏడాది ఒప్పందం ఎలా కుదిరిందో తెలిసిపోయేది. సమ్మె సాగుతున్న నెలల్లో వాళ్ళు ఈ వీధి వైపే వచ్చేవారు కాదు. గేటు మీటింగులో గెలిచామా ఓడామా అనేది ముందు తేలేది ఆడవాళ్ళ చేతి గాజుల దగ్గర, పిల్లల పలకా బలపం దగ్గర.

వరాహగిరి వెంకట గిరి 1894లో బరంపురంలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది, ఇప్పుడు ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు వకీలు, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మ శాసనోల్లంఘన ఉద్యమం రోజుల్లో మద్యనిషేధం కోసం ఆందోళన నడిపి అరెస్టయ్యారు. అంటే ఆ ఇంట్లో జైలుకు వెళ్ళడం మగవాళ్ళకే పరిమితమైన గొప్ప కాదన్నమాట. కొడుకు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండులోని డబ్లిన్ వెళ్ళాడు. అక్కడ తెల్లదొరల మీద ఐరిష్ ప్రజలు చేస్తున్న పోరాటాన్ని దగ్గర నుంచి చూశాడు. 1916 తిరుగుబాటు తరువాత ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. బరంపురంలో ప్రాక్టీసు పెట్టినా అది నిలవలేదు. గాంధీజీ పిలుపు విని కోర్టు వదిలేశారు. 1922లో సారా దుకాణాలకు వ్యతిరేకంగా నిలబడి మొదటిసారి అరెస్టయ్యారు.

ఆ తరువాతి సంగతులు మీలో చాలామందికి తెలిసినవే. రైల్వే కార్మికుల అఖిల భారత సమాఖ్య వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. దానికి పదేళ్ళకు పైగా ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో ఎ.ఐ.టి.యు.సి. అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు పోయిన వారి కోసం సమ్మె నడిపారు. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో మన పారిశ్రామిక కార్మికుల తరఫున కూర్చున్నారు. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. తరువాత మళ్ళీ జైలు. క్విట్ ఇండియా ఉద్యమంలో లోపలికి వెళ్ళిన మనిషి 1945 దాకా బయటికి రాలేదు.

ఈ సంవత్సరాలన్నీ ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. పద్నాలుగు మందిని కన్న ఇంట్లో ఏ ఏడాది చూసినా చంటిపిల్లలో, బడిపిల్లలో, పెళ్ళికెదిగిన పిల్లలో ఉండి తీరాలి. నాయకుడు జెనీవాలో ఉన్నప్పుడు పిల్లలకు జ్వరాలు రాకుండా ఉండవు. జైలు గది తలుపు వేసినంత మాత్రాన ఇంటి అద్దె, బియ్యం ఆగవు. ఆ మూడేళ్ళూ ఇల్లు నడిపింది ఎవరు? ఆమె పేరు సరస్వతీబాయి. గిరిగారి మీద వచ్చిన వ్యాసాలు మేము చాలా చదివాం. వాటిలో ఆమెకు దక్కేది సాధారణంగా ఒక్క వాక్యం, అదీ పిల్లల సంఖ్య చెప్పడానికి. భార్యాబిడ్డలను ప్రాణంగా చూసుకున్నాడని ఒక మగవాడిని పొగిడేటప్పుడు, అతను ఇంట్లో లేని రోజుల లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి. ఆ లెక్క తేలాక కూడా సంసారం చెదరకుండా నిలిచిందంటే, అందులో సగం కంటే ఎక్కువ పేరు ఆమెకే రావాలని మా అభిప్రాయం.

సంసారభారం అంతలా ఉన్న మనిషి పదవిని పట్టుకు వేలాడతాడని ఎవరైనా అనుకుంటారు. మన ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు నోరు మెదపనప్పుడు చెప్పే మాట అదే కదా, పిల్లలు గలవాడినయ్యా అని. గిరిగారు 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. ఉద్యోగులకు రావలసిన దానిలో కోత పడింది. కార్మిక మంత్రిగా తాను కూర్చుని ఉండగా ట్రిబ్యునల్ మాట చెల్లకపోతే ఆ కుర్చీకి అర్థం ఏమిటని ఆయన రాజీనామా చేశారు. ఆయన స్థానంలోకి అహమ్మదాబాదు జౌళి కార్మికుల నాయకుడు ఖండూభాయ్ దేశాయ్ వచ్చారు. ప్రభుత్వం జస్టిస్ గజేంద్ర గడ్కర్‌తో విచారణ జరిపించింది. 1955లో చట్టం చేసి తీర్పును చాలావరకు నిలబెట్టక తప్పలేదు. పోయిన జీతం బ్యాంకు గుమస్తాల ఇళ్ళకు తిరిగి వచ్చింది. గిరిగారి మంత్రి పదవి మాత్రం తిరిగి రాలేదు.

అదే పని ఇంకోసారి చేశారు, ఈసారి డెబ్భై అయిదేళ్ళకు దగ్గర పడిన వయసులో. 1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించాక ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు. (బ్యాంకుల సంఖ్య ఇంట్లో పిల్లల సంఖ్యతో సరిపోయింది. అది వట్టి కాకతాళీయం.) మరునాడే పదవులు వదులుకుని, ఏ పార్టీ టిక్కెట్టూ లేకుండా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. ఎదురుగా ఉన్నది మరో తెలుగువారు, కాంగ్రెసు అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు. మొదటి లెక్కింపులో ఎవరికీ కావలసిన ఓట్లు రాలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపాక గిరిగారు గెలిచారు. ఓడితే ఆ వయసులో పదవి, ప్రభుత్వ బంగళా రెండూ పోయేవి.

బెంగుళూరులో ఆయన కాపురం రెండేళ్ళు. 1965 ఏప్రిల్ నుంచి 1967 మే దాకా మైసూరు రాష్ట్ర గవర్నరుగా రాజభవన్‌లో ఉన్నారు. అక్కడి నుంచి బళేపేట పెద్ద దూరం కాదు. కాటన్‌పేట దాటి నడిస్తే బిన్నీ మిల్లు వచ్చేది. 1884లో మొదలైన ఆ మిల్లులో కొన్ని తరాలవాళ్ళు పనిచేశారు. ఆ స్థలంలో ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. మల్లేశ్వరంలో రాజా మిల్లు ఉన్న చోట మాల్ వచ్చింది. సైరన్ విని గడియారం సరిచేసుకునే వాళ్ళు మన బస్తీల్లో ఇక లేరు.

ఇంత మంచిగా చెప్పాక చెప్పవలసిన కష్టమైన విషయం ఒకటి మిగిలింది. 1974 మేలో దేశమంతా రైల్వే కార్మికులు సమ్మె చేశారు. ముందు నిలిచింది గిరిగారు పునాది వేసిన సమాఖ్యే. దాన్ని అణిచింది ఆయన రాష్ట్రపతిగా ఉన్న ప్రభుత్వం. వేలమందిని జైళ్ళలో పెట్టారు, రైల్వే క్వార్టర్ల నుంచి కుటుంబాలను బయటికి ఈడ్చారు. అణచివేతకు దిగితే పరిస్థితి ఇంకా చెడుతుందని గిరిగారు హెచ్చరించారు, ప్రధాని వినలేదు. 1954లో రాజీనామా ఇచ్చిన మనిషి 1974లో ఎందుకు ఇవ్వలేదని ఆనాడు రోడ్డున పడిన రైల్వే కార్మికుడి భార్య అడిగితే, ఆయన అభిమానులమైన మా దగ్గర సమాధానం లేదు. అదే ఏడాది ఆగస్టులో ఆయన పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. ఆ ఇంటి కోడలు మోహినీ గిరి యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్న స్త్రీల కోసం సంస్థ నడిపారు, జాతీయ మహిళా కమిషన్‌కు అధ్యక్షురాలిగా పనిచేశారు. 2023లో ఆమె కూడా వెళ్ళిపోయారు.

తగవులు ఎలా తీరాలన్న విషయంలో గిరిగారిది ఒకటే పట్టు. యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. ప్రభుత్వం పోలీసులా అడ్డం వచ్చి ఇద్దరినీ కోర్టుకు తోలితే ఖర్చు తప్ప తృప్తి మిగలదని ఆయన వాదన. ఇది పెద్ద సంసారం చేసిన మనిషి మాటలా వినిపిస్తుంది మాకు. అయితే ఎదురెదురుగా కూర్చోవాలంటే రెండు కుర్చీలూ ఒకే ఎత్తు ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మిల్లు మూయడానికి ముందస్తు అనుమతి మాత్రం 300 మంది, అంతకు పైన పనిచేసే చోటే కావాలి. అంతకు తక్కువ మంది ఉంటే అడగనక్కరలేదు. మన కుర్చీ కాళ్ళు కోసి, రండి మాట్లాడుకుందాం అన్నట్టుంది ఇది.

ఆ కుర్చీని పైకి లేపడం ఆడవాళ్ళకు చేతనవునని 2016 ఏప్రిల్‌లో ఈ ఊరే చూసింది. ప్రావిడెంటు ఫండులో యజమాని వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోవడానికి వీల్లేదని కేంద్రం నిబంధన తెచ్చింది. గార్మెంటు ఫ్యాక్టరీల ఆడవాళ్ళు వేలాదిగా మిషన్లు వదిలి రోడ్డెక్కారు. ఏ పెద్ద యూనియనూ పిలుపు ఇవ్వలేదు. కూతురి పెళ్ళి, కొడుకు కాలేజీ ఫీజు, అత్తగారి ఆపరేషను - ఆ డబ్బు దేనికోసం దాచుకున్నారో వాళ్ళకు తెలుసు, అదే చాలింది. రెండు రోజుల్లో ఢిల్లీ ఆ నిబంధన వెనక్కు తీసుకుంది.

వచ్చే సంచిక నుంచి రెండు పేజీలు ఇంటివాళ్ళకు ఇస్తున్నాం. సమ్మె కాలంలో, లాకౌట్ కాలంలో, మిల్లు మూతపడ్డాక ఇల్లు ఎలా నడిపారో అమ్మలు, అక్కలు చెప్పాలి. రాయడం రానివాళ్ళు చెబితే మేమే వచ్చి రాసుకుంటాం. పేరు వద్దంటే వేయం. షిఫ్టుల వాళ్ళు ఇంట్లో చెప్పి, ఏ పూట రమ్మంటారో కనుక్కుని రండి.