తెరిచి చూడని బ్యాకప్

తాతయ్య షష్టిపూర్తి వీడియో, పిల్లల తొలి అడుగులు, స్థలం దస్తావేజుల స్కాన్లు, ఇప్పుడు లేని అమ్మమ్మ గొంతు... ఒకప్పుడు బీరువాల్లో, ఆల్బముల్లో, క్యాసెట్లలో ఉన్నవన్నీ కొన్ని ఇళ్లలో రౌటర్ పక్కనుండే చిన్న పెట్టెలోకి చేరాయి. నాస్ అంటారు దాన్ని. ఫోన్లు మారినా, లాప్‌టాప్ పాడైనా అది ఉందన్న భరోసా. మరి అదే పోతే? ‘రెండు డిస్కులున్నాయిగా, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది’ అన్నది తరచూ వినిపించే జవాబు.

రైడ్ అనే ఆ ఏర్పాటుకు 1980ల చివర్లో బర్క్‌లీ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఆ పేరు పెట్టారు. డిస్కు చెడినా పని ఆగకుండా చూడటం దాని బాధ్యత. అంతవరకే. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే రెండో డిస్కులోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే ర్యాన్సమ్‌వేర్‌తో దుండగులు క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెల్లోని ఫైళ్లకు తాళాలేసి బిట్‌కాయిన్ అడిగినప్పుడు డిస్కుల సంఖ్య ఎవరినీ ఆదుకోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, ఒకే గదిలో దాచిన రెండు ప్రతులకూ ఒకటే గతి. ఒక ప్రతి ఇల్లు దాటి, చెల్లెలి ఇంట్లోనో క్లౌడ్‌లోనో, ఉండి తీరాలి. ‘అంత డేటా ఎక్కడ పెడతాం’ అని ఒక ప్రభుత్వమే అనుకుంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకుంది. పరిమాణం మరీ ఎక్కువని బయట ప్రతి ఉంచని జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్‌లో ఉద్యోగులు దాచుకున్న 858 టెరాబైట్ల సమాచారం బూడిదైంది.

బయట ప్రతి ఉంచుకునేవారు కూడా చాలావరకు ఫైళ్లతోనే ఆగిపోతారు. ఎవరెవరో గుర్తుపట్టి ఏళ్లపాటు పేర్లు పెట్టుకున్న ఆల్బములు, ఏ ఫోల్డర్ ఎవరు చూడవచ్చన్న అనుమతులు, యూజర్ ఖాతాలు, యాప్‌ల డేటాబేసులు మాత్రం ఆ ఫైళ్లతో రాకపోవచ్చు. వేల ఫొటోలు దక్కి, అందులో ముత్తాత ఎవరో చెప్పే పేరు దక్కకపోతే ఆ ఇంటికి సగమే తిరిగొచ్చినట్టు. నాస్ పెట్టెలు తయారుచేసే సినాలజీ కంపెనీ 2023లో తన డీఎస్ఎం 7.2 సాఫ్ట్‌వేర్‌తో మొత్తం వ్యవస్థనే బ్యాకప్ చేసుకునే వీలు కల్పించింది. అలాంటి వీలున్నవారు తప్పక వాడుకోవాలి. లేనివారు కనీసం సెట్టింగుల ఫైలునైనా విడిగా దాచుకోవాలి.

ఇంత చేసినా, తిరిగి తెచ్చి చూసేదాకా అది నమ్మకమే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసును చెరిపేశారు. ఉన్న ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిపెట్టుకున్న ప్రతి ఒకటి వారిని గట్టెక్కించింది. నిపుణుల బృందానికే అలా జరిగింది.

ఇళ్లలో బృందాలుండవు. ఒక్కరుంటారు. పాస్‌వర్డులు, బ్యాకప్ ఎక్కడికి వెళుతోందన్న సంగతి, ఎన్‌క్రిప్షన్ కీ అన్నీ ఆ ఒక్కరికే తెలుసు. మాకు అన్నిటికన్నా దిగులు కలిగించేది ఇదే. ఆ మనిషి ఆస్పత్రిలో ఉన్న రోజునే పెట్టె ఆగిపోతే? ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌ను కీ లేకుండా పెట్టె అమ్మిన కంపెనీ కూడా తెరవలేదు. కీని నాస్‌లోనే దాచుకోవడం తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకోవడమే. కాగితం మీద రాసి దస్తావేజులతో ఒకటి, బయట ఇంకొకటి ఉంచాలి.

పండక్కి అందరూ ఇంటికొచ్చినప్పుడు ఒక గంట కేటాయించి ఒక ఆల్బమును బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి చూడండి. పెట్టెను అమర్చినవారు పక్కన కూర్చోవాలి. పని మాత్రం భార్యో, కొడుకో, కోడలో ఆ కాగితం చూసి చేయాలి. వారు ఎక్కడ ఆగి ఏమడుగుతారో, కాగితంలో రాయకుండా వదిలేసింది అదే.