ఫ్యామిలీ సెక్షన్ పైన, మేం కింద

మధ్యాహ్నం నాలుగింటికి నేనూ నా స్నేహితురాలూ సికింద్రాబాద్‌లో ఏదో ఒక ఇరానీ హోటల్లో కలుస్తుంటాం. ఇద్దరం రిటైరయ్యాం. ఆవిడ టీచరు, నేను టెలిఫోన్స్. "టీ ఇంట్లో పెట్టుకోవచ్చుగా" అంటారు మావారు. పెట్టుకోవచ్చు. పెట్టేదీ నేనే, కప్పులు కడిగేదీ నేనే, కబుర్ల మధ్యలో కుక్కరు కూతకి లేచేదీ నేనే.

పైగా ఈ టీ ఇంట్లో రాదు. అక్కడ డికాక్షన్ వేరు, పాలు వేరు. రాగి పాత్ర మూతికి గుడ్డ కట్టి, సన్నటి సెగ మీద డికాక్షన్‌ని దమ్‌కి వదిలేస్తారు. పక్కన పాలు మరిగి మరిగి చిక్కబడుతుంటాయి. టీ మాస్టరు రెండూ కప్పులో కలిపి పంపిస్తాడు, మా బల్ల మీదికి వచ్చేసరికి కాస్త సాసర్లోకి ఒలికే ఉంటుంది. ఆవిడ ముందు ఆ ఒలికిందే తాగుతుంది. ఉస్మానియా బిస్కట్టు ఎక్కువసేపు ముంచితే ఆగదు, విరిగి అడుక్కి పోతుంది. ఉప్పూ తీపీ కలిసిన ఆ మడ్డి కోసమే కప్పు ఖాళీ చేసేవాళ్లున్నారు, పేరు చెప్పను.

ఇంతకీ నా ఫిర్యాదు టీ మీద కాదు. మమ్మల్ని చూడగానే వెయిటరు చెయ్యి మెట్ల వైపు వెళ్తుంది. "ఫ్యామిలీ ఊపర్ హై, అమ్మా." పైన ప్లైవుడ్ అరలు, జిడ్డోడే పరదా. రోడ్డు కనపడదు. టీ మెట్లెక్కి వచ్చేలోపు మీగడ కట్టేస్తుంది. కింద హాల్లో వన్ బై టూ చెప్పి గంటల తరబడి కూర్చున్న మగాళ్లని మాత్రం ఎవరూ కదిలించరు. మా ఇద్దరిలో ఫ్యామిలీ ఎవరో నాకు తెలీదు.

మర్యాద కోసమే అంటారు. ఒకప్పుడు నిజమే, ఆ పరదా లేకపోతే మా అమ్మ తరంవాళ్లు హోటలు గడప తొక్కేవాళ్లు కాదు. ఇప్పటికీ చంటిపిల్లల తల్లులకి ఆ గది కావాలి, ఉండనివ్వండి. కావలసినవాళ్లు వాళ్లంతట వాళ్లే ఎక్కుతారు. మమ్మల్ని ఎక్కించడం దేనికి?

ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉన్నన్నాళ్లూ కవులూ చిత్రకారులూ రాజకీయాలవాళ్లూ అక్కడే పొద్దుపుచ్చేవారని ఇప్పటికీ మురిసిపోతూ రాస్తుంటారు. ఆ వేళకి వాళ్ల ఇళ్లలో పొయ్యి దగ్గర ఎవరున్నారో ఎవరూ రాయరు. లండన్‌లోనైతే 1864లోనే ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీవాళ్లు టీ దుకాణం తెరిచారు. అలాంటివి పెరిగాక, మగతోడు లేకుండా ఆడవాళ్లు పరువుగా కూర్చునే చోటు అక్కడ దొరికింది. మన దేశంలో 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి ముంబై మీద 'వై లాయిటర్?' అనే పుస్తకం రాశారు. ఆడది బయట కనపడితే ఏదో పని మీద ఉన్నట్టే కనపడాలి, ఊరికే ఉండకూడదు, అదీ వాళ్లు పట్టుకున్న సంగతి. నా స్నేహితురాలు ఆ పుస్తకం చదవలేదు గానీ, మొన్నమొన్నటిదాకా హోటల్‌కి మోండా మార్కెట్ సంచీతో వచ్చేది. కూరలకి వచ్చి, పనిలో పనిగా టీ తాగుతున్నట్టు! సంచీలో ఒక కొత్తిమీర కట్ట ఉండేది.

మాదాపూర్‌లో ఆఫీసు అమ్మాయిలు టీ బండి దగ్గర పేపరు కప్పులతో నిలబడి నవ్వుకుంటుంటే చూడ్డానికి బాగుంటుంది. మా మోకాళ్లకి మాత్రం కుర్చీ కావాలి.

కుర్చీ దొరికినా ఇంకో చిక్కుంది, దాని గురించి ఏ పేపర్లోనూ చదవలేదు. గంటసేపు కూర్చోవాలంటే బాత్రూము ఉండాలి. ఉంటుంది, గిన్నెలు కడిగేచోటు దాటాక, గడియ పడని తలుపు వెనకాల. అందుకే మేం రెండో కప్పు చెప్పం. పక్క బల్ల దగ్గర మగాళ్లు మూడోది చెప్తుంటారు. ఆడవాళ్లు ఎక్కువసేపు కూర్చోరమ్మా అని ఒక హోటల్లో కౌంటరు దగ్గరి పెద్దాయన నాతోనే అన్నాడు. తలుపుకి గడియ, లోపల ఒక బల్బు, కుళాయిలో నీళ్లు పెట్టించి చూడండి సార్. రెండో కప్పు చెప్తాం, దాంతో పాటు లుక్మీ కూడా.