జామ నిలువునా ఎండుతోందా?

మాదాపూర్, కొండాపూర్‌లలో ఇంటి ముందు కాస్త జాగా ఉంటే చాలు, జామ మొక్క కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పిల్లలకు కాయలిచ్చిన ఆ చెట్టు వానలు వెళ్లేసరికి ఉన్నట్టుండి వాడిపోతుంటే నీళ్లు చాలలేదేమోనని మరో రెండు బిందెలు పోస్తారు. అసలు ముప్పు అక్కడే!

2021లో తెలంగాణలో కొమ్మల చివర్లు మాడిన వేపచెట్లు చాలావరకు మళ్లీ చిగురించాయి. జామకు వచ్చే ఎండు తెగులు అలాంటిది కాదు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వేళ్లలోకి చేరి నీరు పైకెక్కే నాళాలను మూసేస్తుంది. మొదట ఆకులు పసుపురంగుకు మారి రాలతాయి. కొమ్మలు ఎండుతాయి. కాయలు ఎదగక గట్టిపడి నల్లబడతాయి. వేరు బెరడు పట్టుకుంటే ఊడొస్తుంది.

చెట్టంతా ఎండితే బతికించలేం. వేళ్లతో సహా తీసి కాల్చేయాలి. శిలీంధ్రం మట్టిలోనే ఉంటుంది కాబట్టి అదే గుంతలో మళ్లీ జామ నాటకూడదు. లక్షణాలు అప్పుడే మొదలైతే లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ కలిపి పాదు తడిసేలా పోయాలి.

పక్క చెట్లను కాపాడుకోవాలంటే పాదులో నీరు నిలవనీయొద్దు. తవ్వేటప్పుడు వేళ్లు తెగకుండా చూడాలి. తొమ్మిది కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి తడి గోనె కప్పి నీడలో వారం పదిరోజులు ఉంచి వేయాలి. మందు పోసిన పాదులో మాత్రం రెండు వారాలు ఆగాకే ఇది వేయాలి. లేదంటే మేలుచేసే శిలీంధ్రమూ చచ్చిపోతుంది.