కౌలు కాగితం మీద మన సంతకం

2023 జూలైలో మనవాళ్ళు ఇండియన్ స్టోర్ల ముందు క్యూ కట్టడం మీకు గుర్తుండే ఉంటుంది. బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం ఆపేసిందనగానే నేనూ నాలుగు బస్తాలు కారులో వేసుకొచ్చాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, అవి తినడానికి మాకు ఏడాది పట్టింది. మన బియ్యం కొనుక్కు తినే బెనిన్ లాంటి దేశాల పేదలకు మాత్రం అది ధర రూపంలో తగిలింది. ఆగస్టుకల్లా ప్రపంచ బియ్యం ధరలు 15 ఏళ్ళ గరిష్ఠానికి చేరాయి.

ఆ ఆగస్టే దేశంలో 1901 తర్వాత అతి తక్కువ వాన పడిన ఆగస్టు. రావలసినప్పుడు రాని వాన కోతల వేళ వచ్చింది. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఒక్కో డిగ్రీ వేడికి గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అదంతా ఎక్కడో కురవాలిగా.

అక్కడికి దగ్గర్లోనే నాకు రెండెకరాలుంది, కౌలుకిచ్చాను. పనల మీదున్న వరి నీళ్ళలో నాని మొలకలెత్తింది. కౌలుదారు ఫోన్ చేసి, "ఈసారి మీ బస్తాలు ఇవ్వలేను బాబుగారూ, ఇంట్లోకి గింజలు కూడా లేవు" అన్నాడు. పరిహారం రాదా అంటే, "నాకు కార్డు లేదు కదండీ" అన్నాడు.

ఎందుకు లేదు? 2019 చట్టంలో ఆ కార్డుకు భూయజమాని సంతకం తప్పనిసరి చేశారు. జూన్‌లో ఆయన అడిగితే నేనే "చూద్దాంలే" అన్నాను. సంతకం పెడితే పొలం పోతుందని మా అన్నయ్య భయపెట్టాడు. తర్వాత చట్టం చదివాను. ఆ పత్రం 11 నెలలకే, దానితో భూమి మీద హక్కేమీ రాదు. కాంట్రాక్టులు చదవడమే నా ఉద్యోగంలో సగం, ఇది మాత్రం చదవలేదు! అదే వానకు పంట పోయిన పక్క చేను ఆసామికి జాబితాలో చోటుంది, సొంత పొలం కాబట్టి. మా చేను దున్నినాయనకు లేదు.

తెలంగాణ మిత్రులు నవ్వుకోనక్కరలేదు. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారు ఖాతాలోకే వెళ్ళింది. మనలో ఎంతమంది ఆ డబ్బు కౌలురైతుకు పంపాం?

మన సభల్లో వాతావరణ మార్పు అంటే టెస్లాలు, సోలార్ పలకలు. తుపానొస్తే చందాలు. మంచిదే. పొలం కౌలుకిచ్చినవాళ్ళు సీజను మొదలయ్యేలోగా సంతకం కూడా పెట్టండి. పంట పోయిన ఏడు కౌలు అడగనని ఒప్పందంలో రాయండి. నేను 2024లో రాశాను. మా అన్నయ్య ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు.